ఆదర్శ వంటగదిలో వంట

కోకంద్ నగరంలో తూర్పు బజారు వెనక ఉన్న మా మహల్లాకు, అంటే మా పేటకు, గర్వకారణమైన విషయం ఏమనగా, మా వీధిలోని ఎర్గాష్ గారి వంటగది ఈ వసంతకాలంలో ఆదర్శ వంటగదిగా ప్రకటించబడింది. అందులో వంట చేయడం కుదరదు. అది తప్ప దానికి మరే లోపమూ లేదు.

ఎర్గాష్ గారు ఒక పెద్ద సరుకుల గోదాముకు అధిపతిగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన హయాంలో గోదాములోకి వెళ్లిన వస్తువు ఒక్కటీ పోలేదు. బయటికి వస్తే కదా పోవడానికి. అంతటి అనుభవశాలి ఇంట్లో కూర్చుని చేతులు నలుపుకుంటున్న రోజుల్లో, ఆయన భార్య సనోబర్ గారు నోరు జారి ఒక కోరిక కోరారు.

సనోబర్ గారు పొట్టి మనిషి. గట్టిగా నిక్కినా పాత అలమార మీది ఉప్పు డబ్బా అందదు. "పొయ్యి పక్కన, నా చెయ్యి అందే ఎత్తులో ఒక చిన్న చెక్క కొట్టించండి. ఉప్పూ, గరిటే, టీ ఆకూ పెట్టుకుంటాను. చెట్లు పూసేసరికి విందు వంతు నాది కదా" అన్నారు. మా ఆడవాళ్లు నెలకొక ఇంట్లో కలుస్తారు. వంతు వచ్చినామె తన ఇంట్లో, తన చేత్తో వండి పెట్టాలి. హోటల్ నుంచి తెప్పించినామె గురించి మళ్లీ తన వంతు వచ్చేదాకా చెప్పుకుంటారు. వంతు దాటేసినామె గురించి ఆ తర్వాత కూడా చెప్పుకుంటారు.

చెక్క ఒక్కటే కదా అని ఎర్గాష్ గారు రాజధానిలో చదువుకొచ్చిన ఇల్హోమ్ అనే డిజైనరును పిలిపించారు. ఇల్హోమ్ మొన సూదిగా ఉన్న బూట్లు వేసుకుంటాడు. గది మధ్య నిలబడి, కళ్లు సగం మూసి, ఎక్కడ ఏం దాగగలదో వాసన పట్టి చెబుతాడు. అతని సిద్ధాంతం చాలా గంభీరమైనది. వంటగదిలో గాలి మాత్రమే ఉన్న ప్రతి చోటూ వృథాయే. ఈ మాట వినగానే ఎర్గాష్ గారికి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు తన భాష మాట్లాడే మనిషి దొరికాడు.

పని మొదలైంది. అరలన్నీ మేలైన ఖుబానీ చెక్కతో, రంగు పూయకుండా కట్టాలని ఎర్గాష్ గారి పట్టుదల. వీధిలో ఎవరింట్లోనూ లేనిది తన ఇంట్లో ఉండాలి కదా. మొదట అతిథుల పింగాణీకి అరలు కట్టారు. పెళ్లినాటి ఆ పింగాణీ ఇంతవరకు ఏ అతిథికీ పెట్టలేదు, అంతటి అతిథి ఇంకా రాలేదు. తర్వాత ఊరగాయ సీసాలకు, ఖాళీ సీసాలకు, సీసాలు పోయి మిగిలిన మూతలకు కట్టారు. మూలల్లో తిరిగే అరలు పెట్టారు. ఒకసారి తిప్పితే లోపలికి వెళ్లిన వస్తువు మళ్లీ ఏ ఋతువులో బయటపడుతుందో చెప్పలేం.

అరలు కప్పు దాకా వెళ్లాయి గనుక నిచ్చెన కొన్నారు. నిచ్చెన బయట కనబడితే అందం చెడుతుంది గనుక దానికీ ఒక అర కావలసి వచ్చింది. కింద జాగా లేకపోవడంతో దాన్ని పైన కట్టారు. ఇప్పుడు నిచ్చెన క్షేమంగా ఉంది. దాన్ని తీయడానికి ఒక నిచ్చెన మాత్రం కావాలి.

ఇక మిగిలింది పొయ్యి. అన్నీ లోపల ఉండి అదొక్కటే బయట ఉండటం ఇల్హోమ్ కంటికి ముల్లులా గుచ్చుకుంది. దానికీ చక్కని అర కట్టి, లోపల పెట్టి, ముందు తలుపు బిగించాడు. తలుపు ఎదురుగా మరో అర తలుపు ఉండటం వల్ల రెండూ ఒకేసారి తెరుచుకోవు. ఒకటొకటిగా కూడా తెరుచుకోవు. సనోబర్ గారు ఉప్పు పెట్టుకునే చెక్క గురించి అడిగారు. అలాంటి చిన్న విషయాలు చివర్లో చూద్దామని ఇద్దరు మేధావులూ హామీ ఇచ్చారు.

ఆ ఇంటి పొయ్యి చల్లారిందని తెలిసి మహల్లా ఊరుకుంటుందా? మాది మానవత్వం ఉన్న వీధి. పక్కింటి హదిచా గారు గిన్నె నిండా షుర్పా, అదే మా మాంసం సూపు, పంపారు. ఎదురింటివాళ్లు గుమ్మడికాయ సమ్సాలు పంపారు. మా ఇంటి నుంచి అంచున నీలిగీత ఉన్న గిన్నెలో నూడుల్స్ వెళ్లాయి. గిన్నెలు లోపలికి వెళ్లాయి. బయటికి రాలేదు.

తప్పు ఎవరిదీ కాదు. మా దగ్గర ఒకరి గిన్నె మరొకరి ఇంటి నుంచి ఖాళీగా తిరిగి వెళ్లదు. గుప్పెడు ఎండుద్రాక్షయినా లోపల ఉండాలి. ఈ పద్ధతి మీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. వండితే గానీ గిన్నె నిండదు, పొయ్యి తీస్తే గానీ వంట కాదు, అరలు విప్పితే గానీ పొయ్యి రాదు. అందుచేత ఎర్గాష్ గారు వివేకవంతుడు చేయవలసిన పనే చేశారు. ఇరుగుపొరుగు గిన్నెల కోసం కొత్త అరలు కట్టించారు. వాటికోసం కిటికీ మూసేశారు. వంటగది మరింత ఇరుకైందని విని జాలిపడి మేం మరిన్ని గిన్నెలు పంపాం. వాటికోసం మరిన్ని అరలు లేచాయి. సనోబర్ గారు లోపలికి పక్కవాటుగా వెళ్లి, తిరిగే చోటు లేక, వెనక్కి నడిచి బయటికి వచ్చేవారు.

చెట్లు మొగ్గ తొడిగే వేళకు మహల్లాలో గిన్నెలు అయిపోయాయి. నేను సూపు కూజాతో తాగాను. హదిచా గారింట్లో భార్యాభర్తలు ఒకే గిన్నెలో వంతులవారీగా తిని, దానివల్ల వాళ్ల మధ్య ఉన్న కాస్త ప్రేమా పోయిందని చెప్పుకున్నారు. చివరికి విషయం మహల్లా పెద్ద మమదలి గారి దాకా వెళ్లింది. ఆయన చాయ్‌ఖానాలో సభ పెట్టి, దిండుకు ఆనుకుని, ఉపన్యసించారు.

"సోదరులారా, మన గిన్నెలన్నీ ఒక్కచోట, ఒక్క కప్పు కింద ఉన్నాయి. ఇది ఐకమత్యం కాకపోతే మరేంటి? పోయినేడాది నా గిన్నె ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. ఈ ఏడాది నిద్రలో లేపి అడిగినా చెప్తాను, ఎర్గాష్ ఇంట్లో ఉందని."

ఖాళీ గిన్నెలే తిరిగి ఇచ్చేస్తే పోదా అని ఎవరో గొణిగారు. సభ సిగ్గుతో తల దించుకుంది. గిన్నెకొక ఎండుద్రాక్ష వేసి ఇవ్వవచ్చని మమదలి గారు పెద్దమనసుతో మినహాయింపు ప్రకటించారు. ఎర్గాష్ గారు లేచి, ఎండుద్రాక్ష పుష్కలంగా ఉందనీ, నిచ్చెన ఉన్న అరకు పై అరలో ఉందనీ వినయంగా మనవి చేశారు. దాంతో వంటగదిని ఆదర్శంగా ప్రకటించి ఒక ఇత్తడి ఫలకం ఇవ్వడమైనది. తగిలించడానికి గోడ కనబడకపోవడంతో ఫలకానికి ఒక అర కట్టారు.

సనోబర్ గారి వంతు రానే వచ్చింది. ముందురోజు ఆమె భర్తను పొయ్యి అడిగారు. ఈ నెలకి వంతు మార్చుకోమని ఆయన సలహా ఇచ్చారు.  ఆ రాత్రి ఆమె ఏడ్చారని హదిచా గారి ద్వారా మా అందరికీ తెలిసింది. అయ్యో పాపం అనుకుని, ఇంకేదైనా గిన్నె ఉంటే పంపుదామని వెతికాం. దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఎర్గాష్ గారు పక్క మహల్లాలో సన్మానానికి వెళ్లారు. ఆయన గేటు దాటగానే సనోబర్ గారు పెరట్లోంచి గొడ్డలి తెచ్చి, తలగుడ్డ బిగించి, తలుపు పక్కనున్న అర నుంచి మొదలుపెట్టారు. చప్పుడు విని హదిచా గారు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటి వదినా ఇది, పిచ్చెక్కిందా?"

"ఎక్కింది. నువ్వు ఆ చివర పట్టుకో."

పులావ్‌కు ఖుబానీ కట్టెను మించిన కట్టె లేదని చాయ్‌ఖానాలో మమదలి గారే వెయ్యిసార్లు సెలవిచ్చారు. పెరట్లో కజాన్, అదే మా పెద్ద ఇనుప కళాయి, రాళ్లమీదికి ఎక్కింది. మూతల అర మాంసం వేయించింది. తిరిగే అరలు పసుపుపచ్చ క్యారెట్‌ను మెత్తబరిచాయి. ఎర్రబియ్యం కింద ఫలకం అర నింపాదిగా కాలింది. వాసన వీధి చివరిదాకా వెళ్లింది. విందుకొచ్చిన ఆడవాళ్లు ఆ అతిథుల పింగాణీలోనే తిన్నారు, వచ్చింది అంతటి అతిథులేనని సనోబర్ గారు తేల్చేశారు. తర్వాత మా గిన్నెలన్నీ కడిగి, నిండుగా పులావ్ పెట్టి, ఇంటింటికీ పంపించారు.

ఎర్గాష్ గారు మెడలో దండతో వచ్చేసరికి వంటగదిలో కిటికీ ఉంది, గోడలు ఉన్నాయి, పొయ్యి ఉంది. పొయ్యి పక్కన చెయ్యి అందే ఎత్తులో ఒక చిన్న చెక్క, దానిమీద ఉప్పు ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, గది మధ్య నేల చూపించారు.

"ఈ ఖాళీ దేనికే?"

"నాకండీ. నిలబడ్డానికి."

ఆదర్శ వంటగదిని ధ్వంసం చేసినందుకు సనోబర్ గారిని మందలించాలని మమదలి గారు ఆ సాయంత్రమే సభ పెట్టారు. అందరూ గిన్నెలు వెంట తెచ్చుకున్నారు. మందలింపు ఏకగ్రీవంగా నెగ్గింది. అధ్యక్షులవారి నోరు నిండుగా ఉండటంతో అందులో సగం మాటలు ఎవరికీ వినబడలేదు. ఎర్గాష్ గారు రెండోసారి వడ్డించుకుని, తలొంచుకుని తిన్నారు.

అయితే గిన్నెలు ఇల్లు చేరాక ప్రతి ఇంట్లోనూ ఒక కొత్త చిక్కు వచ్చింది. ఇన్నాళ్లూ లేని గిన్నెలు ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? మర్నాడు ఇల్హోమ్ బూట్లు మా వీధిలో ప్రతి గుమ్మం ముందూ కనిపించాయి. మొదట హదిచా గారి గుమ్మం ముందు.

నాకు నీలిగీత గిన్నెకు బదులు అంచున దానిమ్మపువ్వులున్నది వచ్చింది. నాదానికంటే బాగుంది గనుక నేనెవరినీ అడగలేదు. మీ దేశంలో గిన్నెల మీద సొంతదారు పేరు చెక్కిస్తారని విన్నాను. చాలా మంచి ఏర్పాటు. ఇలాంటి కథ మీ దగ్గర జరిగే అవకాశమే లేదు. ఎందుకైనా మంచిది, ఒకసారి మీ వంటింట్లో పై అర తలుపు తీసి, వెనక వరసలో ఉన్న స్టీలు గిన్నెల మీద ఎవరి పేర్లున్నాయో చదివి చూడండి.