కండె భాషకు అల్లుడి పూచీ

ఆదివారం పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. టీ తాగడం, కంప్యూటరు ముందు కూర్చోవడం, మధ్యాహ్నానికల్లా మామగారి చేత ఒక్క మెచ్చుకోలు మాట అనిపించుకోవడం. పెళ్లయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆయన నోట "బాగుంది" అన్న మాట అతని చెవిన పడలేదు. గోడకు మేకు కొట్టినా ఆయన వచ్చి, వంకర ఎంతుందో చూసి వెళ్లిపోయేవారు.

మామగారు బట్టల మిల్లులో ముప్ఫై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మరమగ్గాలకు డిజైన్లు చెప్పడానికి అప్పట్లో సొంతంగా ఒక కంప్యూటరు భాష తయారుచేసి, మగ్గంలో నూలు చుట్టే 'కండె' పేరే దానికి పెట్టారు. మిల్లులో ఇప్పటికీ అదే నడుస్తోంది. ఇకపోతే 'మేస్త్రి' అని ఒక ఉచిత కంప్యూటరు సాధనం ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ప్రోగ్రాము ముక్కల్ని వరసగా పేర్చి ఒక్కటిగా కట్టి ఇవ్వడం దాని పని. దానికి నలభై భాషలు వచ్చుగానీ కండె రాదు. అది నేర్పడానికి అల్లుడు మూడు నెలల సెలవురోజులు ధారపోశాడు. మామగారికి చెప్పలేదు. ముందే చెబితే ఆయన ఆశ్చర్యపోయేదెప్పుడు?

పది గంటలకు పని పంపించాడు. మేస్త్రి బాగోగులు చూసుకునే పెద్దావిడ పావుగంటలో జవాబు రాసింది. "సంతోషం. మేస్త్రి కొత్త వెర్షను విడుదల సాయంత్రం ఐదింటికి. ఈలోగా కండె వాడేవాళ్లు ఇద్దరు పూచీ ఇవ్వాలి."

మిల్లువాళ్లను అడగాలంటే మామగారిని కదపాలి. అల్లుడు వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఏమండీ, నేను పళ్ల డాక్టర్ని. నాకు కండె గురించి ఏం తెలుసు?" అంది భార్య.

"కండె పుట్టిన ఇంట్లో పుట్టావు. ఇంకేం కావాలి? ఒక్క లైను రాసెయ్."

ఆమె బుద్ధిమంతురాలు కనుక "చిన్నప్పటి నుంచీ కండెతోనే పెరిగాను" అని రాసి ఊరుకుంది. ఆమె తమ్ముడు అలా ఊరుకునే రకం కాదు. ఈత నేర్పే మాస్టారు. లోతు చూడకుండా దూకడం అతనికి అలవాటు.

"బావా, నువ్వు నిశ్చింతగా ఉండు. దంచేస్తా!" అని, "కండె లేనిదే నాకు పొద్దు గడవదు. మా బావ బంగారం" అని రాశాడు. ఎన్ని మగ్గాలు నడుపుతున్నారని పెద్దావిడ అడిగింది. తడుముకోకుండా "మూడొందలు" అన్నాడు.

ఆవిడ ఉబ్బితబ్బిబ్బయింది. "ఇంత పెద్ద మిల్లు దీని మీద ఆధారపడి ఉందంటే గట్టిగా పరీక్షించాల్సిందే. కండె క్షుణ్ణంగా తెలిసిన ఒకాయన్ని వెతికి పట్టుకున్నాం. ఆయన చూస్తారు" అంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పన్నెండింటికి ఆ ఒకాయన 'ముక్కుసూటి' అన్న మారుపేరుతో దిగాడు. "అంచు డిజైను మారిస్తే, ఆ అంచు వాడుకునే దుప్పటి కూడా మళ్లీ తయారుకావాలి. మీ పనిలో కావడం లేదు."

నిజమే. అల్లుడు అన్నం మానేసి దిద్దాడు.

రెండింటికి ఇంకోటి వచ్చింది. "రంగుల పట్టిక మారితే?"

అదీ నిజమే. అదీ దిద్దాడు.

నాలుగున్నరకు మూడోది. "డిజైనులో తప్పుంటే పని అక్కడే ఆగాలి. మీది ఆగకుండా సగం దుప్పటిని పూర్తయిందంటోంది."

అరగంటే మిగిలింది. అల్లుడికి ఒళ్లు మండిపోయింది. "వీడెవడ్రా బాబూ, నా ప్రాణానికి! కండె ముఖం ఎప్పుడైనా చూశాడా?" అంటూ టపటపా టైపు చేశాడు. "మీకు కండె గురించి ఓనమాలు కూడా తెలియవు. దాన్ని తయారుచేసిన మహానుభావుడే స్వయంగా నా పని చూసి భేష్ అన్నారు."

అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అభ్యంతరం విరమించుకున్నట్టే అనుకుని పెద్దావిడ పనిని ఆమోదించింది. నలభై ఒకటో భాషగా కండె మేస్త్రిలో చేరిపోయింది.

అల్లుడు ఫోను పట్టుకుని రెండేసి మెట్లెక్కి మేడ మీది మామగారి గదిలోకి దూసుకెళ్లాడు. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. తెర మీద మేస్త్రి పేజీ ఉంది. పక్కనే ఆయన పెట్టుకున్న పేరు ఉంది. ముక్కుసూటి.

అల్లుడి కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

"కూర్చోండి బాబూ," అన్నారు మామగారు. "కండె మీద నేను రాసిన పాత పుస్తకం చూసి, మేస్త్రి ఆవిడే పొద్దున నాకు మెయిలు రాసింది. మావాడికి మూడొందల మగ్గాలున్నాయని ఇవాళే తెలిసింది."

"మామయ్యగారూ... కోపంలో ఏదో..."

"నలుగురిలో మా అల్లుడు అబద్ధమాడాడని ఎలా రాయను? అందుకే నోరు మూసుకున్నాను."

తెర మీద ఆయన రాసుకుని, పంపకుండా ఉంచిన నాలుగు ముక్కలు కనిపించాయి. 'కండెను ఇంత బాగా అర్థం చేసుకున్నవాణ్ణి మా మిల్లులో కూడా చూడలేదు. ఈ మూడోది కూడా దిద్దితే పని భేష్.' అల్లుడు రెండుసార్లు చదువుకున్నాడు. ఇంకో అరగంట ఓపిక పట్టి ఉంటే! మామగారు ఒక్కొక్క అక్షరమే చెరిపేయసాగారు.

"అయ్యో, ఎందుకండీ చెరిపేస్తున్నారు?"

"మళ్లీ ఎందుకు బాబూ? నేను భేష్ అన్నట్టు మీరే రాసేశారుగా."

"అది తీసేస్తానండీ."

"అక్కడ రాసింది ఎప్పటికీ పోదట. అడిగాను."

మర్నాడు ఆఫీసుకు వెళ్లకముందే అల్లుడు మూడో తప్పు దిద్ది, కింద క్షమాపణ రాసి, మళ్లీ మళ్లీ సరిచూసుకుని పంపాడు. రోజంతా ఫోను చేతిలోంచి దించలేదు. సాయంత్రానికి ముక్కుసూటి దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"చూశాను."