తోకల తొర్ర

ఒక పెద్ద అడవిలో జబ్బుల కంటే ఆసుపత్రులు, ఆసుపత్రుల కంటే నర్సింగ్ కాలేజీలు ఎక్కువయ్యాయి. ఏ గుట్ట ఎక్కినా ఒక బోర్డు, ఏ వాగు దాటినా ఒక ప్రిన్సిపాలు.

ఆ అడవిలో కాగితాలు లేవు. అందుకని నర్సు చదువు పూర్తిచేసినవాళ్ళకు తోక చుట్టూ రంగు పట్టీ వేసేవారు. మూడు వానల కోర్సు చదివితే పసుపు పట్టీ. నాలుగు వానల కోర్సు చదివితే అదే పసుపు పట్టీకి ఎర్ర అంచు. ఎంత రుద్దినా పోదు. తోక చూపిస్తే చదువు చూపించినట్టే.

చంచల అనే ఉడుత నర్సు అవుతానన్నప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

"మూడు వానలు చాలు. తొందరగా ఉద్యోగంలో పడుతుంది," అంది తల్లి.

"మూడు వానలు చదివితే జన్మంతా మంచాల మధ్య తిరగాలి. నాలుగు చదివితే కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఎర్ర అంచు విలువ నీకేం తెలుసు అక్కా?" అన్నాడు మేనమామ. ఆయన ఒక్క వాన కూడా చదవలేదు.

మామయ్య గొంతు పెద్దది కాబట్టి చంచల నాలుగు వానలు చదివింది.

చదువయ్యాక ఉద్యోగాల వేట. మొదటి ఆసుపత్రిలో దుప్పి అడిగింది, "అనుభవం ఉందా?"

"ఉద్యోగం ఇస్తే వస్తుందండీ."

"అనుభవం వచ్చాక రామ్మా, ఉద్యోగం ఇస్తాం."

రెండో చోట తోక చూసి బెదిరిపోయారు. "ఎర్ర అంచా? మీరు జీతం ఎక్కువ అడుగుతారు. మీ స్నేహితుల్లో మూడు వానల వాళ్ళుంటే పంపించండి." మూడో చోట మర్యాదగా కూర్చోబెట్టి చెప్పారు, "కొన్నాళ్ళు ఊరికే చెయ్యి. నీ పని నచ్చితే ఇంకొన్నాళ్ళు కూడా ఊరికే చెయ్యనిస్తాం."

చివరికి చంచల డాక్టర్ భల్లూకరావుగారి ఆసుపత్రి గడప తొక్కింది. భల్లూకరావు ఎలుగుబంటి. వైద్యం ఆయనది, పెత్తనం మేనేజరు జంబుకేశానిది. జంబుకేశం నక్క.

జంబుకేశం చంచల ముఖం చూడలేదు. వెనక్కి తిరగమన్నాడు.

"ఎర్ర అంచు. బాగుంది. రేపటినుంచి రా."

"జీతం ఎంతండీ?"

"మూడు వానల వాళ్ళకెంతో నీకూ అంతే. ఇక్కడ మనమంతా ఒక కుటుంబం."

"మరి ఈ ఎర్ర అంచు?"

"దాన్ని మేం చాలా గౌరవిస్తాం. ఆ తోక ఇలా ఇచ్చేసి లోపలికి వెళ్ళు."

"తోకా?"

"ఒరిజినల్ మా దగ్గర ఉండాలి. రెండు వానలు పనిచేస్తే తిరిగిస్తాం. మధ్యలో మానేస్తే ఇవ్వం. ఇదంతా మీ మంచికే. మీ దగ్గరుంటే ఎక్కడో పారేసుకుంటారు."

తోక ఎలా ఊడుతుందని అడక్కండి. ఆ అడవిలో ఎడమవైపుకి రెండు మెలికలు తిప్పితే ఊడి వస్తుంది, తుమ్మజిగురు రాస్తే అతుక్కుంటుంది. చదివిన చదువంతా పట్టుకెళ్ళి ఒక మేనేజరు చేతిలో పెట్టడం కంటే అదేమీ వింత కాదు.

జంబుకేశం ఆ తోకను తన గది వెనకున్న చెట్టు తొర్రలో వేసి, బండరాయి అడ్డం పెట్టాడు.

తోక లేని ఉడుత అచ్చం ఎలుకలా ఉంటుంది. కొమ్మ మీదినుంచి కొమ్మ మీదికి దూకబోతే నిలకడ తప్పి కింద పడుతుంది. అందుకని చంచల నేలమీదే పరుగులు పెట్టేది.

"ఏయ్ ఎలుకా, దొప్ప తియ్యి," అని కేకేసేది జలుబుతో చేరిన అడవి పంది. ఆ ఆసుపత్రిలో మంచం దిగలేనివాళ్ళకు కాలకృత్యాలకు మోదుగాకు దొప్పలే గతి.

"ఎలుకను కాదండీ. సిస్టర్‌ని."

"సరే. ఎలుక సిస్టరూ, దొప్ప తియ్యి."

నర్సులకు పైఅధికారి ముళ్ళపంది మేడమ్. "నవ్వుతూ పనిచెయ్యి. రోగులు ముఖం చూసి ఫిర్యాదు చేస్తున్నారు," అనేది. చంచల నవ్వగానే, "ఎందుకా ఇకిలింపు? పనేం లేదా?" అనేది. దగ్గరికెళ్ళి సమాధానం చెబుదామంటే గుచ్చుకుంటుంది.

అన్నిటికంటే గట్టి నియమం రిలీవర్‌ది. తర్వాతి డ్యూటీ సిస్టర్ వచ్చి, ఒక్కో మంచం సంగతీ చెప్పించుకుని, "తీసుకున్నాను" అనేదాకా పనిలో ఉన్న సిస్టర్ కదలకూడదు. నియమంలో తప్పేమీ లేదు. రోగిని దిక్కులేకుండా వదిలి వెళ్ళకూడదు కదా. అయితే తర్వాతి సిస్టర్ అంటూ ఒకరుండాలి. ఆ ఆసుపత్రి మొత్తానికి చంచల ఒకతి, సుందరి అనే బల్లి ఒకతి. సుందరి వస్తే చంచలకు నిద్ర, చంచల వస్తే సుందరికి తిండి.

"మిగతావాళ్ళంతా ఏరక్కా?" అని అడిగింది చంచల.

"తోకలు వదిలేసి వెళ్ళిపోయారు. ముంగిస పెళ్ళి చేసుకుంది. కొండముచ్చు చింతపండు అమ్ముకుంటోంది. తోక లేకపోతే ఇంకెవరు తీసుకుంటారు?"

"మరి నువ్వు?"

"నాకు మళ్ళీ మొలుస్తుందిగా! కాలేజీకెళ్ళి ఫీజు కడితే మళ్ళీ పట్టీ వేస్తారు. ఇక్కడ చేరడం ఇది మూడోసారి. మేనేజరు గుర్తుపట్టలేదు. ఆయన ముఖాలు చూడడుగా."

"బయటపడ్డదానివి మళ్ళీ ఎందుకొచ్చావక్కా?"

"బయట కూడా ఇంతే. ఇక్కడైతే దొప్పలెక్కడుంటాయో తెలుసు."

ఇలా ఉండగా ఏటిగట్టు మీది సర్కారు ఆసుపత్రిలో నర్సుల పోస్టులు పడ్డాయని తెలిసింది. కావలసినవాళ్ళు వానలు పడేలోపు వచ్చి ఒరిజినల్ తోక చూపించాలి. తోక ఒంటికి అతికి ఉండాలి. ఆకాశంలో అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి.

చంచల జంబుకేశం దగ్గరికి పరిగెత్తింది. "సార్, నా తోక ఒక్క రోజు ఇవ్వండి. చూపించి తెచ్చేస్తాను."

"ఒక్క రోజని ఇస్తే రెండో రోజు నువ్వుంటావా?"

"నా తోక సార్ అది."

"నీది కాదని ఎవరన్నారు? నీదే. మా దగ్గరుంది, అంతే."

సరిగ్గా అప్పుడే తనిఖీ వచ్చిపడింది. తనిఖీ అధికారి కొంగ. ఎన్ని మంచాలకు ఎంతమంది నర్సులున్నారో చూసుకుని, చాలకపోతే ఆసుపత్రి మూయించే అధికారం ఆ కొంగది. భల్లూకరావు లేచి గదిలో పచార్లు మొదలుపెట్టాడు.

"మీరు కూర్చోండి డాక్టర్‌గారూ, తొర్ర ఉంది," అన్నాడు జంబుకేశం.

వరండా పొడుగునా ఆకుల తడిక కట్టించి, తడికకు కన్నాలు పెట్టించి, తొర్రలోని తోకలన్నీ ఒక్కో కన్నంలోంచి బయటికి వేలాడదీశాడు. ముంగిస తోక, కొండముచ్చు తోక, సుందరి పాత తోకలు, అన్నిటిమీదా నిగనిగలాడే పసుపు పట్టీలు. చివరి కన్నంలో చంచల తోక. చంచల దాన్ని చూస్తూ ఆగిపోయింది. జంబుకేశం కళ్ళెర్రజేశాడు.

కొంగ వచ్చి తోకల వెంట నడిచింది. "వీళ్ళంతా ఎవరు?"

"మా సిస్టర్లండీ. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నారు. తడిక తీస్తే పాపం లేచిపోతారు."

"ఇంతమందా! ఎంత క్రమశిక్షణ! ఒక్క తోకైనా కదలడం లేదే!" అని కొంగ పొంగిపోయింది. అడవి మొత్తంమీద నర్సులు ఎక్కువున్న ఆసుపత్రి ఇదేనని రాజుగారికి విన్నవించింది.

భల్లూకరావు ఆ సంతోషంలో ఒక తేనెపట్టు కోయించాడు. అది తినడం పూర్తికాకముందే పులిరాజుగారి ఇంట పెళ్ళి జరిగింది. విందులో నిలవ మాంసం వడ్డించారు. రాజుగారి బంధువర్గమంతా మూకుమ్మడిగా పొదల్లోకి పరుగులు తీసింది.

మర్నాడు పొద్దున్నే కొంగ ఎగిరొచ్చింది. "మీ అదృష్టం పండింది! రాజబంధువులంతా మీ ఆసుపత్రికే వస్తున్నారు. రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలని మహారాజుగారి కోరిక. మీకు కొదవేముంది?"

జంబుకేశం చేతులు జోడించాడు. "అంతా పులులే కదండీ. మా సిస్టర్లు చిన్న జీవాలు."

"భయం లేదు. తోకకు పట్టీ ఉన్నవాళ్ళను ఎవరూ తినరాదని మహారాజు ఆజ్ఞ."

"పట్టీ లేనివాళ్ళనో?"

"వాళ్ళ ఊసు ఆజ్ఞలో లేదు," అంది కొంగ. "అందులోనూ కడుపు కుదుటపడగానే మంచి ఆకలేస్తుంది."

కొంగ వెళ్ళీ వెళ్ళకముందే బండ తొలగింది. జంబుకేశం దొరికిన తోకనల్లా పంచడం మొదలుపెట్టాడు. డాక్టరుగారికి కొండముచ్చు తోక. తనకు ముంగిస తోక. క్యాషియరు పందికొక్కుకు సుందరి రెండో తోక, సుందరికి తన మూడోది. వంటవాళ్ళకు, కాపలావాళ్ళకు తలొకటి.

"కొంచెం పొట్టిది లేదా?" అన్నాడు భల్లూకరావు, కాళ్ళ మధ్య చుట్టుకుపోతున్న తోకను విడదీసుకుంటూ.

"బతకాలంటే పొడుగే గతి సార్. జిగురు ఆరేదాకా కదలకండి."

చంచలకు ఏదో కుందేలు తోక విసిరాడు. చంచల దాన్ని ముట్టలేదు. "నాది నాకివ్వండి."

"ఏదైతేనేం, పట్టీ ఉందిగా!"

"ఇది మూడు వానల తోక. నాది నాలుగు వానలది. రాజబంధువుల ముందు తక్కువ తోకతో తిరిగితే మీకే మాట వస్తుంది."

గేటు దగ్గర గాండ్రింపు వినబడింది. జంబుకేశం గొణుక్కుంటూ చంచల తోక తీసిచ్చాడు.

పులులు వచ్చి మంచాలెక్కాయి. పులిరాజు స్వయంగా గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు. చంచల, సుందరి మంచం నుంచి మంచానికి దూకుతూ ఉప్పునీళ్ళు పట్టారు, దొప్పలు మార్చారు, అరిచినవాళ్ళ పాదాలు నిమిరారు. ముళ్ళపంది మేడమ్ ఎన్నో ఏళ్ళ తర్వాత చేత్తో పనిచేసింది. నిజం చెప్పుకోవాలంటే బాగానే చేసింది. కొత్త నర్సులు మాత్రం గోడకానుకుని, ఎవరూ పిలవకూడదని దణ్ణాలు పెట్టుకుంటూ నిలబడ్డారు.

సాయంత్రం డ్యూటీ మారే గంట కొట్టారు. చంచల చేతులు కడుక్కుని నేరుగా జంబుకేశం ముందుకొచ్చింది.

"రండి బ్రదర్, అప్పగిస్తాను."

"ఎవరికి?"

"మీకే. నా రిలీవర్ మీరేగా. పట్టీ ఉంది."

జంబుకేశం పళ్ళ బిగువున, "చంపేస్తాను," అన్నాడు. చంచల వినిపించుకోలేదు.

"మొదటి మంచం, మహారాజుగారి మేనత్త. ఉప్పునీళ్ళు గుక్కగుక్కగా పట్టాలి. ఒక్కసారే పోస్తే మీ మీదే కక్కుతారు. రెండో మంచం, వియ్యంకులవారు. దొప్ప అడగకముందే పెట్టాలి. అడిగాక పెట్టి లాభం లేదు. మూడో మంచం, పెళ్ళికొడుకు. ఈయనకు జబ్బేమీ లేదు, పెళ్ళికూతురి పక్క మంచం కోసం చేరారు. నాలుగో మంచం, బామ్మగారు. చూపు ఆనదు. ఎవరొచ్చినా తోక పట్టుకుని లాగి చూస్తారు." చంచల గొంతు తగ్గించింది. "జిగురు బాగా ఆరిందా?"

"చంచలా, తల్లీ," అన్నాడు జంబుకేశం, "జీతం పెంచుతాను. కుర్చీ ఇస్తాను. వెళ్ళకు."

"'తీసుకున్నాను' అనండి."

"మనమంతా ఒక కుటుంబం కదమ్మా!"

"అందుకే ఇంటివాళ్ళకే అప్పగిస్తున్నాను."

గుమ్మంలోంచి పులిరాజు తల తిప్పాడు. "ఏమిటక్కడ? ఆ అమ్మాయి పొద్దుటినుంచీ కాలు నిలపలేదు. నువ్వు గోడ వదల్లేదు. డ్యూటీ తీసుకోవేం?" ఆయన ముక్కు ఎగబీల్చాడు. "అసలు నువ్వు నర్సువేనా?"

"తీసుకున్నాను!" అని అరిచాడు జంబుకేశం. "తీసుకున్నాను, తీసుకున్నాను!"

పక్కనే సుందరి డాక్టరుగారికి అప్పగిస్తోంది. "అయిదో మంచం, కోపిష్ఠి. మీరు డాక్టరని మాత్రం చెప్పకండి. ఆయనకు డాక్టర్లంటే పడదు."

ఇద్దరూ గేటు దాటారు. వెనకనుంచి, "ఏయ్ నక్క సిస్టరూ, దొప్ప!" అన్న కేక వినిపించింది. చంచల తిరిగి చూడలేదు. ఎదురుగా ఉన్న మద్ది చెట్టెక్కి, ఆ కొమ్మ మీదినుంచి పై కొమ్మకు దూకింది. పడలేదు.

ఏటిగట్టుకు చేరేసరికి తొలి చినుకు ఇంకా మబ్బులోనే ఉంది. అక్కడి పెద్ద నర్సు ముసలి ఏనుగమ్మ. చంచల తోక అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాత ముఖం కూడా చూసింది.

"జీతం తక్కువ. పని ఎక్కువ. మూడు వానలకీ నాలుగు వానలకీ ఇక్కడా తేడా లేదు. ఏమైనా అడుగుతావా?"

"డ్యూటీ అయ్యాక రిలీవర్ వస్తుందాండీ?"

"వస్తుంది. ఆలస్యంగా వస్తుంది, విసుక్కుంటూ వస్తుంది. కానీ వస్తుంది."

"అయితే చేరతాను," అంది చంచల.

ఈ కథ విన్న ఆసుపత్రి యజమానులు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: నర్సులు ఎంత తక్కువైనా ఫరవాలేదు, రాజుగారి బంధువులకు మాత్రం కడుపు చెడకుండా చూసుకోవాలి.