ఎర్రర్ వచ్చినంతసేపే లాభం

కంప్యూటర్‌లో ఎర్రర్ వస్తే విసుక్కునేవాళ్లకు వ్యాపారం తెలియదు. ఎర్రర్ ఒక వరం. తాండూరులో ముప్పై ఏళ్లుగా నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి అమ్ముతున్న నేను, యాభై ఆరో ఏట పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మొదటి ప్రోగ్రాం రాసిన అనుభవంతో చెబుతున్నాను.

నేర్పింది మా అమ్మాయి వర్షిత. మొదటి ప్రోగ్రాంలో ఎవరైనా ‘హలో వరల్డ్’ అని ప్రపంచానికి నమస్కారం పెట్టాలట. బేరం కుదరకముందే అంతమందికి నమస్కారం ఎందుకు? గది కొలతలు కొడితే ఎన్ని బండలు పడతాయో చెప్పే ప్రోగ్రామే రాస్తానన్నాను.

కారణం ఉంది. వికారాబాద్‌లో షాహజాది మేడమ్ ఇల్లు కడుతున్నారు. హాలు, నాలుగు గదులు, వరండా. మా పక్క పాలిషింగ్ యూనిట్ ఆయన అప్పటికే ఆమెకు రెండుసార్లు చాయ్ తాగించాడు. నేను చాయ్‌తోపాటు కంప్యూటర్ లెక్క కూడా ముందు పెడితే ఆర్డర్ ఎటు పోతుంది?

మొదటి రోజు పద్నాలుగు ఎర్రర్లు వచ్చాయి. ఎంత మర్యాదగల యంత్రం! మూడో లైన్‌లో చుక్కలు మరిచారంటుంది. ఏడో లైన్‌లో బ్రాకెట్ మూయలేదంటుంది. అదే ఆఫీసులో ఒక కాగితం పెట్టండి, ఆరు నెలలకు ‘సరిగా లేదు’ అని తిరిగొస్తుంది. ఏ లైనో చెప్తారా? మా బావమరిది నాతో మూడేళ్లుగా మాట్లాడడం లేదు. నేను చుక్కలు ఎక్కడ మరిచానో ఇంతవరకూ చెప్పలేదు.

ఎర్రర్లన్నీ తీరాక మేడమ్‌ను పిలిచాను.

“మేడమ్, గిది కంప్యూటర్ లెక్క. ఇండ్ల మోసం ఉండది” అన్నాను.

హాలు పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు. రెండడుగుల బండలు వరుసకు పది, ఆరు వరుసలు, మొత్తం అరవై. నోటిలెక్క. అయినా కొట్టి చూపించాను.

తెర మీద డెబ్బై ఏడు అని వచ్చింది. ఎర్రర్ లేదు.

“బిడ్డా, జర చూడు, ఖరాబైంది.”

“ఖరాబ్ కాలే నాన్నా. రాసినంక పరీక్ష చెయ్యాలె గద. నువ్వు బువ్వకు పోయినప్పుడు బండను టేపుతోని కొలిచి, గా కొలతే ప్రోగ్రాంల ఏసిన. ఇరవై నాలుగు అంగుళాలు లేదు, ఇరవై రెండే ఉన్నది. గట్లయితె వరుసకు పదకొండు, ఏడు వరుసలు పడ్తయి.”

పాఠకులకు మనవి. అంచులు కోశాక ఇరవై రెండే మిగులుతుంది. మేం దాన్ని రెండడుగులనే అంటాం. తక్కువపడిన బండల కోసం కస్టమర్ మళ్లీ వస్తాడు, మళ్లీ చాయ్ తాగుతాడు. ఇలా ఎన్ని స్నేహాలు పెరిగాయో!

మేడమ్ చాయ్ గ్లాసు కింద పెట్టారు.

“సేట్, పోయినేడు మా చెల్లె మీ దగ్గర్నే బండలు కొన్నది. గోడ పక్కన మూరెడు జాగ ఎందుకు మిగిలిందో గిప్పుడు సమజైంది.”

“అది మేస్త్రి తప్పు మేడమ్.”

“మేస్త్రిని ఎప్పుడో తిట్టి పంపినం. ఇగ నా మాట ఇనుండ్రి. అరవై బండల పైసలిస్త, డెబ్బై ఏడు పంపుండ్రి. తక్కిన గదులకు గూడ గిదే పద్ధతి. కాదంటే చెప్పుండ్రి, టేపు పట్టుకొని పక్క యూనిట్‌కు పోత.”

“టేపు నేనిస్త ఆంటీ” అంది నా కన్నబిడ్డ.

ఇల్లంతటికీ ఆ లెక్కనే పంపాను.

పైథాన్‌ను నేను తప్పుపట్టడం లేదు. మంచి భాషే. కంప్యూటర్ భాషలు ఇంకా వందల్లో ఉన్నాయట. వాటిలో ఇరవై రెండు అంగుళాలను రెండడుగులుగా ఒప్పుకునే భాష ఏదైనా ఉంటే పాఠకులు దయచేసి తెలియజేయగలరు. ఎంత కష్టమైనా నేర్చుకుంటాను.