ఆళ్లగడ్డ తలకాయ

అది 1983. ఆ గురువారం పొద్దున కరుణాకర్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. ఆళ్లగడ్డలో అత్తగారింట కృతజ్ఞత కూడిక, పొట్టేలును కోస్తారు. దాని తలలోంచి పిట్యూటరీ గ్రంథి తీసి, ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని, మధ్యాహ్నానికి తాను పాఠాలు చెప్పే నంద్యాల కాలేజీకి చేరుకోవాలి. పీహెచ్‌డీ గైడు చక్రపాణిగారు అక్కడికే వస్తున్నారు. ఎదుగుదల హార్మోనును వదలమని ఆ గ్రంథి కణాల్లో నడిచే కబురును చెరిపేసే ఎంజైము ఒకటుంది. కరుణాకర్ నాలుగేళ్లుగా దాని వెంటే పడ్డాడు. అది పనిచేస్తే చివరికి ఫాస్ఫేటు పుడుతుంది, ఫాస్ఫేటుంటే పరీక్షనాళిక నీలంగా మారుతుంది. ఆ నీలం కళ్లారా చూస్తే తప్ప థీసిస్ మీద సంతకం పెట్టేది లేదన్నారు గైడుగారు.

లెక్చరరు పుర్రెలు తవ్వుతాడని అత్తవారికి తెలియడం అతనికి నామోషీ. అందుకే ముందురోజు వెళ్లిన భార్య కృపావతితో, "తలకాయ నాకుంచమను" అని మాత్రం చెప్పి పంపాడు.

పెళ్లయ్యాక అల్లుడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అత్త కమలమ్మ పొంగిపోయింది. అతను బస్సు దిగేసరికి తలకాయను కాల్చి, కొట్టి, కుండలో ఉడకేసింది.

"రా అల్లుడా, కూకో. నీ కోసరమే చేస్తాండా."

కరుణాకర్ ఐసు ఫ్లాస్కును వీపు వెనక దాచుకున్నాడు. పక్కింటి చెన్నమ్మ ఊరుకోలేదు. "ఏందే కృపా, నీ మొగుడు తలకాయకు ఇంత మొగం వాచినాడు? ఆడ వండిపెట్టవా?"

కృపావతి కళ్లనీళ్లు పెట్టుకుంది. "తినాలనుందని నాతో అనుంటే నేనే వండనా? నా పరువు తీస్తివి గదా!"

ఇప్పుడైనా నిజం చెబుదామంటే సిగ్గు అడ్డొచ్చింది. గ్రంథి ఉండేది పుర్రె అడుగు ఎముక గుంటలో. "అత్తా, ఆ పుర్రె అడుగు ఎముక ఇస్తే తీస్కపోతా" అని గొణిగాడు.

"ఎముకెందుకు నాయనా? గిన్నె నిండా కూరే పెడతా."

"వద్దు. ఎముక చాలు."

పంక్తిలో జనమంతా తినడం ఆపి చూశారు. పాస్టరు శాంతయ్య కళ్లు మూసుకుని, "ఈ బిడ్డకు తృప్తి దయచేయి ప్రభువా" అన్నాడు. ఆమెన్ గట్టిగానే వినిపించింది.

నంద్యాలలో ఆదివారం తప్ప పొట్టేలు తెగదు, వేరే గ్రంథి దొరకదు. తెచ్చుకున్న ఎముకలోంచి ఉడికిన గ్రంథినే తీసి, కాలేజీ ల్యాబులో నూరాడు కరుణాకర్.

చక్రపాణిగారిది అహోబిలం, మాంసం ముట్టని ఇల్లు; ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "తాజాదేనా?"

"పొద్దున తెగిందే సార్."

నాళిక చక్కటి నీలంగా మారింది.

"శభాష్! నీ నాలుగేళ్ల లెక్కలకు అచ్చంగా సరిపోయింది" అంటూ ఆయన కలం తీశారు.

కరుణాకర్ ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే అసలు సంగతి తట్టింది. ఉడికిన ఎంజైము పనిచేయదు. మరి ఇన్నాళ్లూ నీలం చేసిందేమిటి? నోరు మూసుకుంటే డాక్టరేటు వచ్చేస్తుంది. కలం కాగితానికి తగలబోతోంది.

"సార్..." తల వంచుకున్నాడు. "అది ఉడికింది."

జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే ఆళ్లగడ్డలో పడ్డ సిగ్గు చాలా చిన్నదనిపించింది. చక్రపాణిగారు గ్రంథి బదులు ఉత్త నీళ్లు పోసి మళ్లీ పరీక్ష చేశారు. అదీ నీలమే అయింది. గాజు సామాను కడిగే సబ్బుపొడి డబ్బా ఇద్దరి కంటా పడింది. అందులో ఉండేదీ ఫాస్ఫేటే.

ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "ఉడకబెట్టి చూడాలని నీకు తట్టలేదు, గైడునయ్యుండీ నాకు తట్టలేదు. మీ అత్తకెట్లా తట్టిందప్పా?"