ఫిర్యాదుల పుస్తకంలో నలభై మూడు పేర్లు

శనివారం పొద్దున దేవరకొండలో బస్సు దిగేటప్పుడు మల్లిక మనసులో పెద్ద కోరికలేమీ లేవు. ఈ ఒక్క రోజు ఎవరి నోట్లోనూ పడకుండా గడిస్తే చాలు. షట్టరు దించే వేళకు కౌంటరు మీది ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంటే ఆమెకు ఒక కుర్చీ వస్తుంది.

పర్వతాలు సేటు సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే చోట కుర్చీ ఉండదు. ఆయన కిరాణా దుకాణం నడిపిన పదిహేనేళ్ళూ గల్లా పెట్టె ముందు మెత్త వేసుకుని కూర్చునే వ్యాపారం చేశాడు. అద్దాల తలుపులు, ఏసీ, తోసుకుంటూ తిరిగే బండ్లు వచ్చాక మాత్రం కూర్చోవడం మర్యాద కాదని కనిపెట్టాడు. మల్లిక పదకొండు రోజులు ధైర్యం కూడగట్టుకుని ఒకసారి అడిగింది.

"కష్టమరు నిలవడ్డంక మనం కూసుంటె ఏం మంచిగుంటది, పిల్లా? పట్నంల ఏ మాల్ల సూసినా అందరు నిలవడే కొడ్తరు," అన్నాడు సేటు. తర్వాత ఆమె మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "సరె, ఒక పని జేద్దాం. ఫిర్యాదుల పుస్తకం పెడ్త. ముప్పై దినాలు అండ్ల ఒక్క పేరు రాకపోతె కుర్సీ ఏస్త. మాటంటె మాటే."

పుస్తకం వచ్చింది. సుతిలితాడుతో కౌంటరుకు కట్టాడు. ఇరవై తొమ్మిది రోజుల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. ఒకాయన మాత్రం కరెంటు పోయినప్పుడు దానితో విసురుకున్నాడు. మల్లిక పొద్దంతా కొంగలా ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, ఇంటికి పోయే బస్సులో కూడా నిలబడే పోతూ, రోజులు లెక్కపెట్టుకుంది. ఇవ్వాళ ముప్పయ్యోది.

ఆ ముప్పయ్యో రోజు పెత్రమాస ముందు రోజై కూర్చుంది. తెల్లారితే ఇంటింటా చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వాలి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ దేవరకొండలోనే ఉన్నాయి. రెండో కౌంటరు కంప్యూటరు పది రోజులుగా పనిచేయక దుప్పటి కప్పుకుని పడుకుంది. సేటేమో "కొండమల్లేపల్లిల సచ్చిపోయిన సుట్టం దినాలున్నయి, మద్దాన్నంకల్ల వస్త, జర సూస్కో" అని వెళ్ళిపోయాడు.

పదయ్యేసరికి లైను పప్పుల దాకా పోయింది. పదిన్నరకూ అక్కడే ఉంది. అప్పుడు వచ్చింది బిక్షమ్మ. బుట్టలో రెండు కందిపప్పు పొట్లాలు, ఒక బెల్లం ముద్ద. లైనును పైనుంచి కింది దాకా చూసి, నిట్టూర్చి, కాళ్ళ చెప్పులు విడిచి ఆఖరి మనిషి వెనక జతగా పెట్టింది. పోయి బియ్యం బస్తాల మీద కూర్చుని మోకాళ్ళు రాసుకోసాగింది.

ఆమె తప్పేమీ లేదు. నెల రోజులుగా ఆమె సొసైటీ గోదాం ముందు యూరియా కోసం లైను కట్టింది. అక్కడ మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. మనిషి నీడన కూర్చుంటాడు. చెప్పు ఉన్న చోట మనిషి ఉన్నట్టే. ఆ న్యాయం ఎరగనివాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆమె వెనక వచ్చింది షరీఫా. టౌన్లోనే బట్టలు కుడుతుంది. "ఏంది అవ్వా, చెప్పులు ఈడ ఇడిసినవ్?"

"గది నా నెంబరు."

"మరి నాదేది?"

"నీ కాళ్లకు లెవ్వా చెప్పులు?"

షరీఫాకు ఆ మాటలో పట్టుకోవడానికి తప్పేమీ దొరకలేదు. తనూ విడిచి బస్తాల మీద చేరింది. పావుగంటలో లైనులో మనుషులు ఇద్దరు మిగిలారు. తక్కినవి పప్పుల నుంచి సబ్బుల దాకా ఇరవై రెండు జతల చెప్పులు.

చిక్కేమిటంటే చెప్పులు నడవవు. ముందున్న ఇద్దరూ బిల్లు కట్టి వెళ్ళిపోయారు. కౌంటరు ముందు జాగా ఖాళీ. చెప్పులేమో నాలుగు గజాల అవతల పప్పుల దగ్గరే ఉన్నాయి.

"తర్వాత ఎవరు?" అంది మల్లిక. బడిలో హాజరు పలికినా గైరుహాజరు పడే గొంతు ఆమెది. బస్తాల మీద కబుర్లు సాగుతూనే ఉన్నాయి. ఇక తప్పక బయటికి వచ్చి మొదటి జతను కాలితో మెల్లగా ముందుకు తోసింది.

"ఓ పిల్లా!" బిక్షమ్మ లేచి నిలబడింది. "నా చెప్పును తంతవా? నన్ను తన్నినట్టే గద! రేపు పెద్దలకిచ్చుకునే దినం, ఇయ్యాల తన్నులు పడాల్నా నేను?"

"తప్పయింది అవ్వా, తప్పయింది," అంటూనే మల్లిక కన్ను ఫిర్యాదుల పుస్తకం మీదికి పోయింది. దాని పక్కనే పెన్ను. ఆమె వంగి, ఆ జతను రెండు చేతులతో ఎత్తి మర్యాదగా ముందుకు పెట్టింది. ఒకటి జరిపాక తక్కినవి మాత్రం ఏం పాపం చేశాయి? ఇరవై రెండు జతలూ జరిపింది. చేతులు కడుక్కుని బిక్షమ్మను పిలవబోయేసరికి, ఆమెకు ఉప్పు గుర్తుకొచ్చి లోపలికి పోయింది. ఉప్పు ఏ అరలో ఉందో చూపించడానికి మల్లిక వెంట పోయింది.

ఆ రెండు నిమిషాల్లో వచ్చింది నర్సింగమ్మ. ఆమె దుకాణం ఊడ్చే మనిషి, రెండు రోజులు సెలవు పెట్టి అప్పుడే పనికెక్కింది. తుడిచే కర్రతో లోపలికి వచ్చి, తళతళలాడే టైల్సు మీద బారుగా చెప్పులు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మో, సేటు సూస్తె సంపుతడు!" అని, బస్తాల మీద వాళ్ళు కబుర్లలోంచి తల తిప్పేలోపే రెండు అట్టపెట్టెల్లో ఎత్తి తీసుకుపోయి తలుపు బయట గుమ్మరించింది. తర్వాత నేల శుభ్రంగా తుడిచింది. పని మీద అంత శ్రద్ధ ఆమె ఎన్నడూ చూపలేదు.

మల్లిక తిరిగి వచ్చేసరికి లైను లేదు. గొడవ ఉంది.

"నాది పప్పుల కాడుండె!"

"నీది సబ్బుల కాడ. పప్పుల కాడుండేది నాది!"

బయట నీలం పట్టీల చెప్పులొక జత బిక్షమ్మ చేతిలో ఒకటి, షరీఫా చేతిలో ఒకటి ఉన్నాయి.

"ఇడువు, గివి నాయి. మొన్న సంతల కొన్న."

"నేను గూడ మొన్న సంతలనే కొన్న, అవ్వా. దేవరకొండంత గవే కొన్నరు!"

"ఆగుండ్రి!"

ఆ గొంతుకు అందరూ ఆగారు. లింగస్వామి. యూరియా లైనులో పేర్లు రాసి, కొట్లాటలు ఆపి, పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. "చెప్పులతోటి అయ్యేది గాదిది. గోదాం కాడ గూడ ఆఖరికి ఏం జేసినం? లిస్టు రాసినం. ఇంత కాయిదం ఉంటె తేండ్రి."

ఎవరూ తేవలసిన అవసరం లేకపోయింది. పుస్తకం కళ్ళ ముందే వేలాడుతోంది. ఆయన అట్ట వెనక్కి మడిచి, మొదటి పేజీ తీశాడు.

"తాతా," అంది మల్లిక. "అది... అది ఫిర్యాదుల..."

"పుస్తకమే గద, బిడ్డా. గదే గావాలె. నువ్వు ఫికర్ జేయకు, నేను సూసుకుంట."

మల్లిక ఇంకో మాట అంది. ఆ సందడిలో అది ఆమెకే వినపడలేదు. లింగస్వామి అప్పటికే ఒకటో నెంబరు వేసి బిక్షమ్మ పేరు, ఊరు, ఫోను నెంబరు రాస్తున్నాడు. ముద్దర ప్యాడు అందుబాటులో ఉండటం వల్ల సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర కూడా వేయించాడు. రాస్తున్న కొద్దీ రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఏదో ఇస్తున్నారనుకుని వచ్చి పేరు రాయించుకున్నారు. నలభై మూడు దగ్గర ఆగింది.

"ఇగ పోయి మీ మీ పనులు సూసుకోండ్రి. నెంబరొస్తె పిలుస్తం."

అందరూ బుట్టలు బస్తాల పక్కన పెట్టి వెళ్ళిపోయారు. లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఒకటో నెంబరు, బిక్షమ్మ!"

ఒకటో నెంబరు కండ్ల దవాఖానకు పోయింది.

"నేనున్న గద, తాతా," అంది రెండో నెంబరు షరీఫా. "నాకు కొట్టమను. పొయ్యి మీద అన్నం పెట్టొచ్చిన."

"ఒకటి కాంది రెండెట్లయితది, అమ్మా? గోదాం కాడ గిట్లనే ఒక్కనిని ఇడిసిపెడితె ఏమైంది? పోలీసులొచ్చిండ్రు."

షరీఫా ఆయన్నీ, మల్లికనూ, ఖాళీ కౌంటరునూ మార్చి మార్చి చూసింది. "మాడితె నీ పేరు జెప్పి తినిపిస్త ఇంట్లోల్లకు," అని వెళ్ళిపోయింది.

"ఫోను జేసి పిలువు, తాతా," అంది మల్లిక.

"నా దాంట్ల అవుతలోల్లు జేస్తెనే వస్తది, బిడ్డా. ఇవుతలికెల్లి పోదు."

మల్లిక ఫోను సేటు గది సొరుగులో ఉంది. డ్యూటీలో ఫోను ముట్టకూడదని అదొక రూలు. గంట గడిచింది. పెత్రమాస ముందు రోజు, మిట్ట మధ్యాహ్నం, దుకాణంలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నెల రోజుల్లో మొదటిసారి మల్లికకు పని లేదు. కూర్చోవచ్చు. కూర్చోవడానికి ఏమీ లేదు. లింగస్వామి ఆకలేస్తోందని హోటలుకు పోయిన ఐదు నిమిషాలకు సేటు వచ్చాడు.

ఖాళీ దుకాణం చూశాడు. దిక్కులేకుండా పడి ఉన్న బుట్టలు చూశాడు. తర్వాత పుస్తకం చూశాడు. 'ఫిర్యాదు చేయువారి పేరు' అని ప్రతి పేజీ పైనా ఆయనే అచ్చు వేయించాడు. దాని కింద నలభై మూడు మంది. అందులో పంతొమ్మిది వేలిముద్రలు.

"ఇరవై తొమ్మిది దినాలు సక్కగ జేసి, ఒక్క పూటల నలభై మూడా?" ఆయన పేర్ల మీద వేలు పెట్టి చూపించాడు. "ఏమన్నవే పిల్లా ఊరందరిని?"

"నేనేమన్లే సార్. లైను..."

"లైను గురించేనా? రాత్రికే ఊరంత పాకుతది. ఆగు, నేనే మాట్లాడుత." ఆయన పుస్తకం తీసుకుని మొదటి నెంబరు కొట్టాడు. "బిక్షమ్మనా? నేను పర్వతాలును, సూపర్ మార్కెట్ కెల్లి. అవ్వా, జరిగిందేదో జరిగింది, జర మనసుల పెట్టుకోకు..."

"వచ్చిందా? వస్తున్న! ఇగో, ఆటో ఎక్కుతున్న!"

"ఎందుకవ్వా రావుడు, ఫోన్లనే మాట్లాడుకుం..." అవతల పెట్టేశారు.

రెండో నెంబరు "ఆపుండ్రి, ఉరుకొస్తున్న" అంది. ఐదో నెంబరు "నలుగురం ఒక్క తాననే ఉన్నం, అందరం వస్తున్నం" అంది. ఎంత బతిమాలబోతే అంత తొందరగా బయల్దేరుతున్నారు. కొందరు పక్కవాళ్ళకు కూడా చెప్పేశారు. ఇరవయ్యో ఫోను అయ్యేసరికి సేటు నుదుట చెమట పట్టింది. "పిల్లా, షట్టరు సగం దించు," అన్నాడు.

సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వంగి నలభై మూడు మందీ ఒకేసారి లోపలికి వచ్చారు. సేటు రెండు చేతులూ జోడించి కౌంటరు ముందు నిలబడ్డాడు. "అందరు జర శాంతంగుండ్రి. తప్పుంటె..."

"తప్పేంది సేటూ!" కంట్లో మందు వేయించుకుని, ఒక కన్ను మూసుకునే బిక్షమ్మ ముందుకొచ్చింది. "నెల దినాలు యూరియా కాడ ఎండల ఎండిన. రమ్మని ఒక్కడన్న ఫోను జేసిండా? నువ్వు రెండు పొట్లాల పప్పుకు నీ చేతులతోని ఫోను జేసినవ్. సల్లగుండు కొడుకా."

సేటు ఒకసారి పుస్తకం వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. జోడించిన చేతులు మెల్లగా విడిపోయి నడుము మీదికి చేరాయి. "గది మా పద్ధతి," అన్నాడు.

ఆ పద్ధతి ప్రకారం మల్లిక దీపాలు పెట్టే దాకా నిలబడి నలభై మూడు బిల్లులు కొట్టింది. అందరూ పోయాక పుస్తకం తెచ్చి సేటు ముందు పెట్టింది. "అన్ని పేర్లే సార్. ఒక్క ఫిర్యాదు లేదు," అంది. నెల రోజుల్లో ఆమె ఆయనతో మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

సేటు పేజీలన్నీ తిప్పి చూశాడు. "నిజమే," అన్నాడు. "రేపే తెప్పిస్త కుర్సీ."

తెప్పించాడు కూడా. మరునాడు పొద్దున కౌంటరు పక్కనే గుండ్రంగా తిరిగే మెత్తటి కుర్చీ, ఇంకా ప్లాస్టిక్ కవరు తీయకుండా ఉంది. మల్లిక సంచి కింద పెట్టి, దాని వీపు మీద చెయ్యి వేసింది.

"ఆగు, ఆగు పిల్లా," అన్నాడు సేటు. "గది లింగస్వామి తాతకు. ఇయ్యాలటి సంది మన కాడ పేర్లు రాసే డ్యూటీ ఆయనదే. నిలవడి రాస్తె దస్తూరి కుదరదట."

"నాకు, సార్?"

"నీది పుస్తకం ఖాళీగుంటె అన్న గద. ఖాళీగ ఉన్నదా, నువ్వే జెప్పు."

లింగస్వామి వచ్చి కూర్చుని, ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. మల్లిక మొహం చూసి ఆయనకు జాలేసింది. "ఫికర్ జేయకు బిడ్డా, నీ పేరు గూడ రాస్త," అని కొత్త పేజీ తీసి, ఒకటో నెంబరు వేసి మల్లిక పేరు, దాని ఎదురుగా 'కుర్చీ' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆ లైనులో ఆమె ముందు ఎవరూ లేరు. పిలుపు మాత్రం ఇంకా రాలేదు.