మడతపడని కప్పు

ఆ ఉదయం పడవాయనకు ఉన్న పని ఒక్కటే. పది గంటలకల్లా వంతెన అవతల ఉన్న రేవు ఆఫీసు ముందు పడవ నిలపాలి. తనిఖీ అధికారి చూసి సంతకం పెడితేనే రేపటినుంచి ప్రయాణికులను ఎక్కించుకోవచ్చు. పాత అనుమతి నిన్నటితో సరి. అందుకే చిరుగుల గుడ్డకప్పు పీకించి, తనే కొలతలిచ్చి మరీ మేస్త్రి చేత తెల్లటి ఫైబర్ కప్పు చేయించాడు.

వంతెన దగ్గరపడగానే భార్య చేతులు అలవాటుగా పైకి లేచాయి. పన్నెండేళ్ళుగా అక్కడ కప్పు మడిచేది ఆవిడే. ఇవాళ వేళ్ళకు నున్నగా, గట్టిగా ఏదో తగిలింది.

"ఏమండీ, దీన్ని ఎటువైపు మడవాలి?"

"మడవడమేంటి? ఇది గట్టి కప్పు..." అంటూనే ఆయన ఇంజను ఆపేశాడు. కప్పు వంతెనకన్నా నాలుగు వేళ్ళు ఎత్తు ఎక్కువ.

ఫోనులో మేస్త్రి తాపీగా అన్నాడు: "మీ తల తగలకూడదన్నారు, తగలట్లేదు. వంతెన తలగురించి నాకెవరు చెప్పారు? కోసి అతకాలంటే వారం పడుతుంది."

ఆవిడ నీళ్ళవైపే చూస్తోంది. "జనం ఎక్కితే పడవ కిందికి దిగుతుంది కదండీ. ఎంత దిగుతుందో చూద్దామా?"

ఒడ్డున నిలబడ్డ ముగ్గురిని ఊరికే ఎక్కించుకున్నారు. ఒక వేలు దిగింది. ఆవిడ ఆ పక్క వీధిలోనే ఉండే ఆడపడుచుకు ఫోను చేసింది.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా మరదలా?"

"మీవల్లే అయ్యే పని వదినగారూ. ఇంటిల్లిపాదీ రండి. టిఫిన్ తినే రండి."

ఏడుగురు వచ్చారు. సంగతి తెలిశాక ఆడపడుచు మూతి ముడిచింది కాని, పడవ దిగలేదు. ఇంకా ఒక్క వేలు మిగిలింది. పది దాటింది.

వంతెన మెట్లమీద ఫైలు పట్టుకున్న భారీమనిషి ఒకాయన నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

"బాబాయిగారూ, అవతలికేనా? కాస్త ఎక్కి పుణ్యం కట్టుకోండి" అని పిలిచింది ఆవిడ.

ఆయన కూర్చోగానే పడవ బుద్ధిగా కిందికి దిగింది. కప్పుమీద గీతైనా పడకుండా వంతెన దాటింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన ఫైలు తెరిచాడు.

"ఎంతకీ రాకపోతే నేనే ఎదురొచ్చాను. అనుమతి పదిమంది ప్రయాణికులకి. ఉన్నది పదకొండు."

పడవాయన తలలు మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మీరు డ్యూటీలో ఉన్నారు కదా సార్, ప్రయాణికుడెలా అవుతారు?" అని అడిగింది భార్య, నిజంగా తెలుసుకుందామనే.

అధికారి లెక్కలోంచి తనను తాను తీసేసుకుని సంతకం పెట్టాడు.

పడవాయన కాగితం అందుకుని మురిసిపోతుంటే, ఆవిడ వెనక్కి తిరిగి వంతెనవైపు చూసింది. "మనం ఇంటికెళ్ళాలిగా. ఈయన మళ్ళీ వస్తారేమో అడగండి."

డ్యూటీ సాయంత్రం ఐదింటివరకట. అది దాటితే ఆయనా ప్రయాణికుడేనట.