కార్బురేటరుకు అసలుతనపు ముద్ర

లోకంలో ప్రతి యంత్రమూ కొన్నాళ్లు పనిచేస్తుంది, కొన్నాళ్లు మూలన పడి ఉంటుంది, ఆ తర్వాత దాని పరిరక్షణకు ఒక మండలి ఏర్పడుతుంది. పాతకాలపు పందెపు మోటారు సైకిళ్లు ఈ ఆఖరి దశకు చేరుకుని చాలాకాలమైంది.

లేతు మెషీను మీద పనిచేసే మేనల్లుడికి ఈ సంగతి తెలియదు, పాపం. అతనికి తెలిసిందల్లా, మామయ్య ఒకప్పుడు పందేల్లో నడిపిన బండి షెడ్డులో పడి ఉందని, దానికి కార్బురేటర్ లేదని. మామయ్యకు చెవులు మందగిస్తున్నాయి. ఇదో అరుదైన చెవుడనీ, అందరికీ అయ్యేదానికి తలకిందులుగా ముందు పెద్ద మోతలు పోతాయి, తర్వాత మాటలు కూడా పోతాయనీ డాక్టరు తేల్చేశాడు. ఈలోగా ఆ బండి పందెంలో పరిగెడుతూ చేసే మోత ఆయన మరొక్కసారి వినాలి. మేనల్లుడి పట్టుదలంతా అదే.

పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పట్టించే ఆ చిన్న వస్తువు కోసం అతను తిరగని పాత ఇనప కొట్టు లేదు. చివరికి ఒక కొట్టులో బిల్లులు ఎగరకుండా పెట్టిన బరువుగా దర్శనమిచ్చింది.

"ఇస్తాను గానీ, నా కాగితాలు ఎగిరిపోతే ఎవరిది పూచీ?" అన్నాడు కొట్టువాడు.

మేనల్లుడు అంతే బరువున్న ఇనప ముక్కను లేతు మీద తీసి తెచ్చాడు. కొట్టువాడు చెరో చేతిలో ఒకటి పట్టుకుని తూచి (పాత ఇనుము వ్యాపారంలో ఇంతకు మించిన తూకం లేదు) ఒప్పుకున్నాడు.

పందెంలో దిగాలంటే బండిలోని ప్రతి భాగమూ అసలైనదేనని మండలి ముద్ర వెయ్యాలి కనుక, మేనల్లుడు దాన్ని అక్కడికి పట్టుకెళ్లాడు. మండలి పరిశీలకుడు దాన్ని భూతద్దంలో చూసి పెదవి విరిచాడు.

"దీన్నెవరూ ముట్టుకున్నట్టు లేదే."

"అవును సార్. కంపెనీలో ఎలా చేశారో అలాగే ఉంది."

"అదే తప్పు. ఆ రోజుల్లో కంపెనీ ఇచ్చినట్టు వాడిన పందెగాడు ఒక్కడూ లేడు. ప్రతివాడూ గాలి పీల్చే దీని గొంతును అరగదీసి వెడల్పు చేసుకున్నవాడే. మార్పు చెయ్యనిది అసలైనది కాదు."

"అయితే చేసేస్తాను సార్."

"మీరు చేస్తే కొత్త మార్పవుతుంది, కుదరదు. ఆ కాలం మనిషి చెయ్యాలి."

(ఆ కాలం మనుషులను సరఫరా చేసే బాధ్యత మండలిది కాదని నియమావళి స్పష్టంగానే చెబుతోంది.)

మేనల్లుడు మామయ్యను తీసుకొచ్చాడు. పరిశీలకుడు ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చోమన్నాడు, లేవమన్నాడు.

"మోకాళ్లు మార్పించారా?"

"రెండూ మార్పించానయ్యా."

"మరి ఒరిజినల్ అని ఎలా రాయమంటారు?"

"సార్, ఆకురాయి పట్టేది చేత్తో కదా," అన్నాడు మేనల్లుడు.

పరిశీలకుడు న్యాయం తెలిసినవాడు. "చేతుల వరకు అనుమతిస్తున్నాం," అని ముద్ర వేశాడు.

మామయ్య బల్ల ముందు కూర్చుని అరగదీశాడు, వేలితో తడిమి చూసుకున్నాడు, "వీడికింకా ఊపిరి ఆడట్లేదురా" అంటూ మళ్లీ అరగదీశాడు. ఆయన్ని అలా చూస్తుంటే మేనల్లుడికి కడుపు నిండిపోయింది.

పని చూసి మండలి కూడా తెగ మెచ్చుకుంది. ఎంతగా మెచ్చుకుందంటే, ఇంత అపురూపమైన వస్తువులోంచి పెట్రోలు పారితే అరిగిపోతుందనీ, అరుగుదల కూడా అనుమతి లేని మార్పేననీ, కనుక ముద్ర పడిన ఏ బండీ ఇకపై ఇంజను స్టార్టు చెయ్యరాదనీ ఉత్తర్వు జారీ చేసింది. బండ్లన్నిటికీ సీలు వేసి తన గోడౌనుకు తరలించింది. పందెం మాత్రం యథాప్రకారం జరుగుతుంది. వాలు మీది నుంచి తోసి వదులుతారు.

మామయ్యకు ఈ మాట చెప్పడానికి మేనల్లుడికి నోరు రాలేదు.

పందెం రోజున ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. జెండా ఊగింది. హెల్మెట్లు పెట్టుకున్న పందెగాళ్లు హ్యాండిళ్ల మీదికి వంగి, ఒకరి వెనక ఒకరు జారుకుంటూ వచ్చారు. మామయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన బండి కళ్లముందు నుంచే దాటిపోయింది. ఆయన చెయ్యి దించేశాడు.

"నా చెవులు పోయాయిరా," అన్నాడు మెల్లగా.

మేనల్లుడు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "లేదు మామయ్యా, నీ చెవులకేం కాలేదు. ఇంజన్లే స్టార్టు చెయ్యలేదు. మోటారు సైకిల్ పందెంలో ఇంజను నడపకూడదని మండలి రూలు."

మామయ్య అతని భుజం తట్టాడు.

"ఓదార్చడానికి అబద్ధం చెప్పినా, కాస్త నమ్మేలా చెప్పాలిరా."